పెరిగిన ఓట్లు, తరిగిన సీట్లు: 1955 ఎన్నికలూ మన సాహిత్య చరిత్రా

అభ్యుదయ సాహిత్యోద్యమ చరిత్ర రాసినవాళ్లలో ఎక్కువమంది 1955 దగ్గర ఒక గీత గీస్తారు. 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం పన్నెండేళ్లు ఉధృతంగా సాగిందంటారు. 1955 ఆంధ్రరాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ ఓడిపోవడంతో ఉద్యమం వెన్ను విరిగిందనీ, అక్కణ్ణుంచి అంతా స్తబ్ధత అనీ, 1965లో దిగంబర కవులూ 1970లో విరసమూ వచ్చి ఆ స్తబ్ధతను బద్దలు కొట్టారనీ చెబుతారు. ఎం.ఏ. విద్యార్థి పరీక్షలో రాసేదీ ఇదే, సభల్లో అధ్యక్షోపన్యాసాలు చెప్పేదీ ఇదే.

ఈ కథలోని సంఘటనలతో నాకు తగాదా లేదు. తగాదా అంతా కథను మోస్తున్న ఇరుసుతోనే. ప్రజలు తిరస్కరించారు కాబట్టి రచయితలు నీరుకారిపోయారు అన్నది ఆ ఇరుసు. రచయితలు నీరుకారిన మాట నిజం. ప్రజలు తిరస్కరించారా? ఈ ప్రశ్నకు జవాబు ఎన్నికల సంఘం లెక్కల్లోనే ఉంది. ఆ లెక్కల్లో రెండు వరుసలున్నాయి: ఒకటి ఓట్లు, రెండోది సీట్లు. మన సాహిత్య చరిత్ర రెండో వరుసను మాత్రమే చదివింది.

నేను కోట్‌పల్లి నుంచి రాస్తున్నాను. వికారాబాదుకూ తాండూరుకూ మధ్యనున్న ఈ ఊరికి 1955 ఎన్నికలతో ప్రత్యక్ష సంబంధం లేదు. అప్పటికి ఈ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. పక్కనున్న తాండూరు తాలూకా అయితే గుల్బర్గా జిల్లాలో ఉండేది. కృష్ణా గోదావరి మండలాల్లో ఊరేగింపులు, బుర్రకథలు, ఎదురు బుర్రకథలు హోరెత్తుతున్నప్పుడు ఇక్కడివాళ్లకు ఆ హోరు పత్రికల్లో తప్ప వినపడలేదు. ఆ ఉద్రేకంలో మనుషులను పోగొట్టుకున్నవాళ్ల కన్నా, దూరాన నిలబడి చూసినవాళ్లకు లెక్క కాస్త తేటగా కనబడవచ్చు. ఈ వ్యాసం రాయడానికి నాకున్న అర్హత అంతే.

ముందు జరిగింది చూద్దాం. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికి ప్రకాశం ముఖ్యమంత్రి. మద్యనిషేధం మీద రామమూర్తి కమిటీ నివేదిక విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో 1954 నవంబరులో ఆయన ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో పోలింగు జరిగింది. మొత్తం 196 స్థానాలు.

అంతకుముందు, 1952లో, ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులు 140 స్థానాలకు 41 గెలుచుకున్నారు. కాంగ్రెసుకు అక్కడ వచ్చినవి 40. కాబట్టి 1955లో తామే ప్రభుత్వం ఏర్పరుస్తామని కమ్యూనిస్టులు నమ్మారు. కాంగ్రెసు కూడా అంతే గట్టిగా నమ్మి భయపడింది. ఆ భయం వల్లే కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశంగారి ప్రజాపార్టీ మూడూ ఒక సంయుక్త సంఘటనగా నిలబడ్డాయి. కాంగ్రెసు అధిష్ఠానం బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ను పంపించింది. నార్ల సంపాదకత్వంలోని ఆంధ్రప్రభ కలం పట్టుకుని యుద్ధానికి దిగింది. ఇటువైపు విశాలాంధ్ర ఒంటరిగా నిలబడింది. అదే సమయంలో మాస్కో ప్రావ్దా నెహ్రూ ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెసు దాన్ని ఆంధ్రదేశమంతటా చాటింపు వేసింది. సోషలిస్టు రష్యా మీద ఆశ పెట్టుకున్న మన కార్యకర్తకు ఊరి రచ్చబండ మీద ఎదురైన ఇరకాటం ఎలాంటిదో ఎవరన్నా నవలగా రాయవలసింది. నాకు తెలిసి ఎవరూ రాయలేదు.

ఫలితాలు వచ్చాయి. కాంగ్రెసుకు 119, కృషికార్ లోక్‌కు 22, ప్రజాపార్టీకి 5. మూడూ కలిసి 146. ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22. కమ్యూనిస్టు పార్టీకి 15.

నలభై ఒకటి పదిహేనయింది. ఈ ఒక్క అంకె మీదనే తర్వాతి కథంతా నడిచింది. ఇక ఓట్ల వరుస చూడండి. కమ్యూనిస్టు పార్టీకి నూటికి 31.13 ఓట్లు వచ్చాయి. 1952లో ఆ జిల్లాల్లో దానికి వచ్చినవి నూటికి ఇరవై రెండు దరిదాపు. కాంగ్రెసుకు 1955లో వచ్చినవి 39.35. అంటే ప్రభంజనంలా గెలిచిన పార్టీకీ తుడిచిపెట్టుకుపోయిన పార్టీకీ మధ్య తేడా నూటికి ఎనిమిది ఓట్లు. ఒక్క కాంగ్రెసు సీటు వెనక ఎన్ని ఓట్లున్నాయో, ఒక్క కమ్యూనిస్టు సీటు వెనక అంతకు ఆరు రెట్లకు పైగా ఓట్లున్నాయి.

దామాషా పద్ధతిలో, అంటే వచ్చిన ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు పంచే పద్ధతిలో, అవే ఓట్లు లెక్కపెట్టి ఉంటే కమ్యూనిస్టులకు 61 స్థానాలు వచ్చేవి. కాంగ్రెసుకు 77 వచ్చేవి. కాగితం మీద చేసే చిన్న గుణకారమే ఇది. కానీ ఆ 61 మంది శాసనసభలో కూర్చుని ఉంటే మన సాహిత్య చరిత్రకారుడు ‘స్తబ్ధత’ అనే మాట రాసేవాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఇక్కడ తొందరపడకూడదు. ఈ లెక్కను జెండాగా మార్చి ఊరేగించే మిత్రులు కొందరున్నారు. వాళ్లు మూడు సంగతులు మరిచిపోతారు. 1952లో కమ్యూనిస్టు పార్టీ తక్కువ స్థానాల్లో పోటీ చేసింది, 1955లో దాదాపు రాష్ట్రమంతటా నిలబడింది. ఎక్కువచోట్ల నిలబడితే మొత్తం ఓట్లు పెరగడం సహజం. అంచేత ఇరవై రెండు నుంచి ముప్పై ఒకటికి పెరిగిన దాన్నంతా కొత్తగా వచ్చిన అభిమానమని అనడానికి లేదు. రెండో సంగతి, సంయుక్త సంఘటనకు మొత్తం మీద సగం దరిదాపు ఓట్లు వచ్చాయి. దామాషా ఉన్నా ప్రభుత్వం బహుశా వాళ్లదే అయ్యేది. అన్నిటికన్నా పెద్ద సంగతి మూడోది. 1952లో కాంగ్రెసు వ్యతిరేక ఓటు కాదు, కాంగ్రెసు అనుకూల ఓటు చీలింది. భూస్వామ్య వర్గాలు తమలో తాము కొట్లాడుకుంటూ వేరువేరు గుర్తుల మీద నిలబడ్డాయి. 1955 నాటికి అవి కొట్లాట ఆపి ఒక గుర్తు కిందికి చేరాయి. వర్గప్రయోజనం ముందు కులాల కీచులాట ఎంతసేపు నిలుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం మన చరిత్రలో అరుదు. ఆ పాఠాన్ని మన విమర్శకులు ప్రజల తిరస్కారమనే పేరు కింద పాతిపెట్టారు.

ఓట్లు లెక్కించే యంత్రానికి కమ్యూనిస్టుల మీద కక్ష ఉందనుకోవడం కూడా అమాయకత్వమే. మూడేళ్ల ముందు, కృష్ణకు ఇవతల, అదే యంత్రం ఎలా పనిచేసిందో చూడండి. 1952లో హైదరాబాదు శాసనసభకు 175 స్థానాలు. పార్టీ మీద నిషేధం ఉండడంతో కమ్యూనిస్టులు ప్రజాస్వామ్య ఫ్రంటు, అంటే పి.డి.ఎఫ్., పేరుతో పోటీ చేశారు. ఆ ఫ్రంటుకు వచ్చినవి నూటికి 21 లోపు ఓట్లు. దామాషా లెక్కన 36 సీట్లు రావాలి, వచ్చింది 42. సాయుధ పోరాటం సాగిన నల్లగొండ, వరంగల్లు, కరీంనగరం జిల్లాల్లో ఓటు చిక్కగా ఉంది గనక లాభించింది. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన సంగతి అందరూ చెప్పుకునేదే. అదే ఎన్నికల్లో సోషలిస్టు పార్టీకి నూటికి 11 పైచిలుకు ఓట్లు వచ్చి, సీట్లు మాత్రం 11 వచ్చాయి. ఇరవై రావలసింది. వాళ్ల ఓటు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంది. కాంగ్రెసు నూటికి 42 దరిదాపు ఓట్లతో 93 స్థానాలు పొంది, బూర్గుల ప్రభుత్వం ఏర్పడింది. దామాషా ఉంటే 73 దగ్గర ఆగేది, ఎవరినో ఒకరిని తోడు వెతుక్కునేది.

కేరళ ఉదాహరణ మరీ చిత్రం. 1957లో అక్కడ కమ్యూనిస్టు పార్టీ నూటికి 35.28 ఓట్లతో 126కు 60 స్థానాలు గెలిచి నంబూద్రిపాద్ నాయకత్వాన ప్రభుత్వం ఏర్పరిచింది. మన పాటల్లో, పద్యాల్లో ఆ విజయం మోగిపోయింది. 1960లో ఓట్లు 39.14కు పెరిగాయి, సీట్లు 29కి పడిపోయాయి. అక్కడా ఎదుటివాళ్లంతా ఏకమయ్యారు. ఓట్లు తక్కువైనప్పుడు పండగ, ఓట్లు ఎక్కువైనప్పుడు సంతాపం. గతితార్కిక భౌతికవాదం చదువుకున్న మనం కూడా అంకెను పైపైనే చూస్తామనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మరి ఈ పద్ధతి మనకెలా వచ్చింది? బ్రిటిషువాడి నుంచి అనేస్తే సగం నిజమే. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో దీనిమీద వాదన జరిగింది. కాజీ సయ్యద్ కరీముద్దీన్ బహుసభ్య నియోజకవర్గాలూ, ఓట్లను ఒకే అభ్యర్థికి పోగుచేసే హక్కూ ఉండాలని సవరణ తెచ్చారు. ప్రొఫెసర్ కె.టి. షా కూడా దామాషా పక్షానే మాట్లాడారు. అంబేద్కర్ రెండు కారణాలు చెప్పి కాదన్నారు. దామాషాకు అక్షరాస్యత కావాలి, ఈ దేశంలో అది లేదు. దామాషా వల్ల శాసనసభ ముక్కలై ప్రభుత్వాలు నిలబడవు. రెండో కారణం మీద ఇప్పటికీ వాదించుకోవచ్చు. మొదటిదాన్ని మాత్రం పరీక్షించి చూడాలి.

1952లోనూ 1957లోనూ ఓటు వేసిన తీరు మా నాయనమ్మ చెప్పేది. గదిలో పెట్టెలు వరసగా పెట్టి ఉంటాయి. ఒక్కొక్క పెట్టె మీద ఒక్కొక్క గుర్తు. చీటీ మీద రాయవలసింది, గీయవలసింది ఏమీ లేదు. ‘‘కాడెద్దులున్న డబ్బల ఏసి రా బిడ్డా అన్నరు, నేను జరసేపు నిలవడి అన్ని డబ్బలు సూసి నాకు నచ్చిన దాంట్ల ఏసిన’’ అనేది. ఏ డబ్బాలో వేసిందో తాతకు చెప్పలేదు, మాకూ చెప్పలేదు. అక్షరం ముక్క రాని మనిషి. ఈ పెట్టెల పద్ధతిని తిప్పి చూస్తే ఒక సంగతి తోస్తుంది. గుర్తును బట్టి పెట్టె, పెట్టెను బట్టి పార్టీ. జిల్లా మొత్తం మీద ఒక్కొక్క గుర్తు పెట్టెల్లో పడిన చీటీలు కలిపి లెక్కపెడితే చాలు, దామాషాకు కావలసిన లెక్క వచ్చేస్తుంది. ప్రాధాన్య క్రమంలో 1, 2, 3 అని అంకెలు వేసే పద్ధతికి అక్షరాస్యత కావాలి. పార్టీ జాబితా పద్ధతికి గుర్తు పట్టగల కళ్లు చాలు. దామాషా అనగానే మొదటిదే మనసులో పెట్టుకున్న ఆనాటి వాదన రెండోదాన్ని సరిగా చర్చించలేదని నాకనిపిస్తుంది.

అంకెలు వేయడానికి చదువు చాలునా అన్నది ఇంకో ప్రశ్న. దానికి జవాబు మా ప్రాంతంలోనే దొరికింది. శాసనమండలికి పట్టభద్రుల స్థానాలున్నాయి. రాజ్యాంగం ప్రకారం అవి దామాషా పద్ధతిలో, బదిలీ అయ్యే ఒకే ఓటుతో జరగాలి. స్థానం ఒక్కటే ఉన్నచోట దామాషా ఎక్కడిదని అడగకండి. పేరు అది, జరిగేది మాత్రం ప్రాధాన్యపు ఓటు. 2021 మార్చిలో మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాదు పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేశారు. వికారాబాదు జిల్లా అందులోదే. బ్యాలెట్ కాగితం దినపత్రిక అంత ఉంది. మొదటి ప్రాధాన్యాలతో ఎవరికీ కోటా రాక, ఒక్కొక్కరినే తొలగిస్తూ రోజుల తరబడి లెక్కించి చివరకు సురభి వాణీదేవి గెలిచినట్లు ప్రకటించారు. చెల్లని ఓట్లు ఇరవై వేలకు పైగా ఉన్నాయి. ఓటర్లందరూ డిగ్రీ చదివినవాళ్లే. మా నాయనమ్మ ఓటు చెల్లింది.

ఆ రోజుల్లో ఇంకో విశేషం ద్విసభ్య నియోజకవర్గాలు. ఒకే నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు, ఒకటి సామాన్యం, ఒకటి షెడ్యూల్డు కులాలకో తెగలకో రిజర్వు. ఓటరుకు రెండు ఓట్లు, కానీ రెండూ ఒకరికే వేయడానికి వీల్లేదు. కరీముద్దీన్ అడిగిన హక్కును సరిగ్గా ఇక్కడే కాదన్నారు. వికారాబాదు 1957లో అలాంటిదే. మర్రి చెన్నారెడ్డి, అరిగె రామస్వామి ఇద్దరూ అక్కడినుంచి ఎన్నికయ్యారు. రామస్వామి హైదరాబాదు ఆది హిందూ ఉద్యమ నిర్మాతల్లో ఒకడు, భాగ్యరెడ్డి వర్మ తరం మనిషి. అలాంటివాడు శాసనసభకు వెళ్లాలంటే ఊరి సవర్ణుల ఓటు కూడా కావాలి, కాంగ్రెసు టిక్కెట్టు కావాలి. దళితులు తమ రెండు ఓట్లూ తమవాడికే పోగుచేసుకునే వీలుంటే, పార్టీలతో బేరం ఆడే బలం వాళ్లకు వేరుగా ఉండేది.

దీనికి సంబంధించి మన పక్షాన దాచిపెట్టకూడని సంగతి ఒకటుంది. 1952లో అంబేద్కర్ ఉత్తర బొంబాయి ద్విసభ్య లోక్‌సభ స్థానంలో పోటీ చేసి కాజ్రోల్కర్ చేతిలో పధ్నాలుగు వేల పైచిలుకు తేడాతో ఓడిపోయారు. ఆ ఎన్నికలో డెబ్బై వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి, రెండు చీటీలూ ఒకే పెట్టెలో వేయడం వల్ల. కమ్యూనిస్టు నాయకుడు డాంగే ప్రచారమే దానికి కారణమని అంబేద్కర్, అశోక్ మెహతా ఎన్నికల పిటిషన్‌లో ఆరోపించారు. పిటిషన్ కొట్టివేశారు. చట్టం సంగతి సరే, దేశంలోని దళిత రచయితలకు ఆ గాయం మానలేదు, మానిందని మనం అనుకోవడం మంచిది కాదు. ఆ ఏడాదే అంబేద్కర్ బొంబాయి నుంచి రాజ్యసభకు వెళ్లారు. రాజ్యసభ ఎన్నిక శాసనసభ్యులు దామాషా పద్ధతిలో చేసేది. ప్రజలకు పనికిరాదన్న పద్ధతి ఆయనను పార్లమెంటులో కూర్చోబెట్టింది.

ద్విసభ్య నియోజకవర్గాల ముగింపు కథ కూడా మన తెలుగు నేల మీదిదే. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో సామాన్య స్థానం కూడా గిరిజన అభ్యర్థి దిప్పల సూరిదొరకే దక్కి, వి.వి. గిరి ఓడిపోయారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టు సూరిదొర ఎన్నికను సమర్థించింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలను రద్దుచేస్తూ చట్టం వచ్చింది. గిరిజనులిద్దరు గెలిచిన తర్వాతే ఆ ఏర్పాటులోని లోపం పెద్దలకు కనిపించింది! 1962లో వికారాబాదు షెడ్యూల్డు కులాల స్థానమయింది, చెన్నారెడ్డి తాండూరుకు మారారు.

అసలైన దామాషా ఎలా పనిచేస్తుందో చూడాలంటే 1952 రాజ్యసభ ఎన్నికే చూడాలి. హైదరాబాదు రాష్ట్రానికి 11 స్థానాలు, ఓటర్లు 175 మంది శాసనసభ్యులు. స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి ఓట్లను దానితో భాగిస్తే వచ్చే దానికన్నా కాస్త ఎక్కువ తెచ్చుకున్నవాడు గెలిచినట్లు. ఇక్కడ సుమారు పదిహేను మంది శాసనసభ్యుల ఓట్లు ఒక స్థానానికి చాలు. 42 మంది ఉన్న పి.డి.ఎఫ్.కు రెండు స్థానాలు ఖాయం, మూడోదానికి ఇతరుల తోడు కావాలి. అధికార పార్టీ ఎంత బలమైనదైనా ఆ రెండింటినీ ఆపలేదు. అలా రాజ్యసభకు వెళ్లినవాడు డాక్టర్ రాజ్‌బహదూర్ గౌర్. మఖ్దూం సహచరుడు, ఉర్దూ సాహిత్య విమర్శకుడు, మన అభ్యుదయ రచయితల కుటుంబంలోని మనిషి. 1962 దాకా ఆ సభలో ఉన్నాడు. మద్రాసు నుంచి సుందరయ్య వెళ్లినదీ అదే మార్గాన.

అంటే మన రాజ్యాంగం దామాషాను కాదనలేదు. పెద్దల సభకు ఇచ్చింది, శాసనమండలికి ఇచ్చింది, రాష్ట్రపతి ఎన్నికకు ఇచ్చింది. ప్రజలు నేరుగా ఓటు వేసే చోట మాత్రం ఇవ్వలేదు.

బయటి ప్రపంచం గురించి రెండు మాటలు చాలు. జర్మనీలో రాష్ట్రాల శాసనసభలు దామాషా మీదే ఏర్పడతాయి. సాధారణంగా నూటికి ఐదు ఓట్లు రాని పార్టీకి సీట్లివ్వరు. మనకు దగ్గరి ఉదాహరణ శ్రీలంక. 1977లో అక్కడ యునైటెడ్ నేషనల్ పార్టీ సగానికి కాస్త పైన ఓట్లతో 168కి 140 స్థానాలు గెలిచింది. నూటికి 29.7 ఓట్లు వచ్చిన శ్రీలంక ఫ్రీడమ్ పార్టీకి 8 సీట్లు. మన 1955కు అచ్చుగుద్దినట్టుంది. మరుసటి ఏడాది రాజ్యాంగం దామాషా తెచ్చింది. దానివల్ల తమిళుల మీద మారణకాండ ఆగలేదు, యుద్ధం ఆగలేదు. దామాషాను సర్వరోగ నివారిణి అని నేనమ్మను. జాబితాలో ఎవరి పేరు పైన ఉండాలో పార్టీ పెద్దలే నిర్ణయించే పద్ధతి మన పార్టీల చేతిలో పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 1999లో లా కమిషన్ ఇప్పుడున్న సీట్లకు నాలుగోవంతు అదనంగా చేర్చి వాటిని మాత్రం జాబితా ద్వారా నింపాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక అలమారాలోకి పోయింది.

ఇప్పుడు మళ్లీ సాహిత్యానికి వస్తాను. 1955 తర్వాత సంఘం కుంటుపడింది. శాఖలు మూతపడ్డాయి, కొందరు సినిమాలకు పోయారు, కొందరు ఊరుకున్నారు. ఇది కాదనలేం. కానీ సంఘం కుంటుపడడమూ సాహిత్యం ఆగిపోవడమూ ఒకటి కాదు. 1958లో కుందుర్తి ఫ్రీవర్స్ ఫ్రంటు పెట్టాడు. 1965లో మహీధర రామమోహనరావు ‘కొల్లాయి గట్టితేనేమి’ వచ్చింది. 1969లో దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ వచ్చింది. ఇవన్నీ స్తబ్ధత అని పేరు పెట్టిన కాలంలోవే, అభ్యుదయ దృష్టి నుంచి వచ్చినవే. నూటికి ముప్పై ఒక్కమంది అనే పాఠకలోకం ఎక్కడికీ పోలేదు. పోయింది ఆ పాఠకలోకం ఉందన్న నమ్మకం. వాళ్లు శాసనసభలో కనబడలేదు కాబట్టి ఊళ్లోనూ లేరనుకున్నాం.

ఓడిపోయినవాడికి దుఃఖం సహజం. 1955లో జైళ్లనుంచీ అజ్ఞాతం నుంచీ వచ్చి రాత్రింబవళ్లు తిరిగిన మనిషికి సీట్ల వరుస పక్కనబెట్టి ఓట్ల వరుస చూడమని చెప్పడం క్రూరమే. ఆ తరాన్ని నేను తప్పుపట్టడం లేదు. తర్వాత తీరిగ్గా కూర్చుని చరిత్ర రాసినవాళ్లకు మాత్రం ఆ సాకు లేదు. అంకెలు అచ్చయి గ్రంథాలయాల్లో ఉన్నాయి.

ఆ ఫలితం కోట్‌పల్లినీ వదల్లేదని కూడా చెప్పాలి. విశాలాంధ్ర ఏర్పడితే అది కమ్యూనిస్టుల రాష్ట్రమవుతుందన్న భయం కాంగ్రెసు పెద్దలను కొన్నాళ్లు వెనక్కు లాగింది. 1955లో 146 సీట్లు చూసుకున్నాక ఆ భయం తగ్గింది. 61 మంది కమ్యూనిస్టులు కర్నూలు శాసనసభలో కూర్చుని ఉంటే 1956 నవంబరు 1 అంత సాఫీగా వచ్చేదా? గుల్బర్గాలోని తాండూరు హైదరాబాదు జిల్లాలోకి వచ్చేదా? విలీనానికి ఇంకా చాలా కారణాలున్నాయి, నిజమే. కానీ ఈ ఊరివాళ్లు ఓటు వేయని ఎన్నిక ఈ ఊరి పటాన్ని మార్చడంలో ఒక చెయ్యి వేసిందని నా అభిప్రాయం.

మన పత్రికల ఎన్నికల భాషను ఒక్కసారి విమర్శకుడి కంటితో చదవండి. గాలి వీచింది, ప్రభంజనం, ఊడ్చేసింది, కొట్టుకుపోయింది, గల్లంతు, ఈ మధ్య సునామీ. అన్నీ ప్రకృతి వైపరీత్యాల మాటలే. ఆలోచించి ఓటు వేసిన మనిషి ఈ భాషలో ఎక్కడా లేడు. ఉన్నది గాలి, ఎగిరిపోయిన ఆకులు. మా నాయనమ్మ డబ్బాల ముందు ‘‘జరసేపు నిలవడి’’ చూసిన ఆ క్షణానికి ఈ భాషలో మాట లేదు. ఈ పరిభాష సీట్ల పద్ధతినుంచి పుట్టింది. నూటికి ఎనిమిది ఓట్ల తేడాను ఎనిమిది రెట్ల సీట్లుగా చూపే పద్ధతికి తుపాను తప్ప వేరే ఉపమానం దొరకదు మరి.

అది పాత కథ కూడా కాదు. 2023లో తెలంగాణలో కాంగ్రెసుకు 39.40, భారత రాష్ట్ర సమితికి 37.35 శాతం ఓట్లు వచ్చాయి. తేడా నూటికి రెండు. సీట్లు 64, 39. వికారాబాదు జిల్లాలోని నాలుగు స్థానాలూ కాంగ్రెసుకే పోయాయి. జిల్లా నుంచి శాసనసభలో ఇంకో గొంతు లేదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 39.37 శాతం ఓట్లు, 175కు 11 సీట్లు. ఆ పార్టీ మీద నాకు అభిమానం లేదు. అంతకు ఐదేళ్ల ముందు అదే పార్టీ 151 సీట్లతో కూర్చున్నప్పుడు, 39.17 శాతం ఓట్లు వచ్చిన తెలుగుదేశానికి 23 సీట్లు దక్కాయి. రెండుసార్లూ ఓడిన పక్షాన ఐదుగురిలో ఇద్దరు నిలబడ్డారు, రెండుసార్లూ వాళ్లు లేనట్టే పత్రికలు రాశాయి. 1955లో కాంగ్రెసును గెలిపించినదీ సరిగ్గా ఆ నూటికి ముప్పైతొమ్మిదే.

పరిశోధన విద్యార్థులకు ఒక పని మిగిలి ఉంది. 1955లో కమ్యూనిస్టు అభ్యర్థి ఓడినా ఓట్లు పెరిగిన నియోజకవర్గాలేవో నియోజకవర్గాల వారీగా తీయాలి. అభ్యుదయ రచయితల సంఘానికి శాఖలున్న ఊళ్లను, బుర్రకథ దళాలు తిరిగిన ఫిర్కాలను, విశాలాంధ్ర ఎక్కువగా వెళ్లిన తాలూకాలను ఆ జాబితా పక్కన పెట్టి చూడాలి. పాట వెళ్లినచోట ఓటు పెరిగిందా, లేదా పాటతో నిమిత్తం లేకుండా కౌలు తగాదాలున్నచోట పెరిగిందా తేలుతుంది. ఆ దళాల్లో తిరిగినవాళ్లు ఇప్పుడు తొంభై దాటినవాళ్లు, వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. వాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి, గ్రంథాలయాలకు తర్వాత వెళ్లవచ్చు.